ఉప్పు చూసే సన్యాసమ్మ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా నూకాలత్త. మంచాన పడ్డాక చెప్పింది. అంతకు ముందే చెప్పాల్సింది. సరే, కళ్ళు మూసుకుని ఊఁ కొట్టు తల్లీ.

అనగా అనగా, ఉప్పుటేరు పక్కన ఒక ఊళ్ళో సన్యాసమ్మ అని ఒకావిడ. పెనిమిటి లేడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా నాలిక. ఏ ఇంట ఆవకాయ కలిపినా ఉప్పు చూడ్డానికి ఆవిణ్ణే పిలిచేవాళ్ళు. వేలికొసకి రవ్వంత అంటించుకుని నాలిక మీద పెట్టుకుని, "ఇంకో గిద్దెడు పడాలి" అనేది. అన్నదంటే అంతే. ఏడాది మొత్తంలో ఆ నాలుగు రోజులే ఆవిడ నలుగురిలో కూర్చునేది.

ఒక ఏడు ఆవిడ నోరు వాసన కొట్టడం మొదలెట్టింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. అప్పుడే వరహాలు ఇంట్లో జాడీ బూజు పట్టింది.

"ఒసే సన్యాసీ, నోరు అటు తిప్పుకోవే! నీ గాలి సోకే మా కాయ చెడింది," అంది వరహాలు, అందరి ముందూ.

అప్పుడు సన్యాసమ్మ చిగుళ్ళు నెత్తురొచ్చేలా వేపపుల్లతో తోముకుంది. పోలేదు. ఆ తర్వాత బుగ్గన లవంగం పెట్టుకు తిరిగింది. పోలేదు. ఆ తర్వాత నోరే మూసుకుంది. పిల్లి వచ్చినా చెంగు అడ్డం పెట్టుకునే పలకరించేది.

ఒకనాడు దగ్గితే నూకగింజంత తెల్లటి పలుకు చేతిలో పడింది. నలిపితే అదే కంపు! ఆకులో చుట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

నర్సమ్మ నోట్లోకి లైటు వేసి చూసింది. "కొండనాలికకి అటూ ఇటూ టాన్సిల్స్ ఉంటాయి పిన్నీ. వాటి గుంటల్లో మెతుకూ అదీ ఇరుక్కుని ఇలా రాయి కడుతుంది. పాపమూ కాదు, శాపమూ కాదు. పిన్నీసుతో మాత్రం పొడుచుకోకు. తిన్నప్పుడల్లా గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించు. నొప్పి పుట్టినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా డాక్టరుగారికి చూపిద్దాం."

"దీని గాలికి ఆవకాయ చెడుతుందా అమ్మా?"

"గాలికా? తడి తగిలితే చెడుతుంది!"

పుక్కిలించింది. మూడు రాళ్ళు పడ్డాయి. వాసన పోయింది.

మళ్ళీ ఆవకాయ రోజులొచ్చాయి. సన్యాసమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. మొదటి రోజు ఎదురింట ఆవాలు దంచారు. రెండో రోజు పక్కింట. మూడో రోజు వరహాలు ఇంట. వీధంతా ఆవఘాటే. ఆవిణ్ణి ఒక్కరూ పిలవలేదు.

అప్పుడు తనే ఒక్క కాయ కొట్టి బుల్లి జాడీలో కలుపుకుంది. వేలికొసకి అంటించుకుని నాలిక మీద పెట్టుకుంది.

"సరిపోయింది," అంది పైకే. వినడానికి ఎవరూ లేరు.

ఆనాడు బూజు పట్టిన జాడీలో వరహాలే తడి గరిటె ముంచడం మా నూకాలత్త కళ్ళారా చూసింది. వరహాలు తన తోడికోడలు, ఆవిడతో తగువెందుకని నోరు విప్పలేదు. అందుకే అత్తంటే నాకు ఇప్పటికీ మంట. ఆ ఊళ్ళో ఈనాటికీ ఆవకాయ బూజు పడితే "సన్యాసి గాలి సోకింది" అంటారట. నాకు సంతకానికి మించి రాయడం రాదు. నువ్వు చదువుకుంటున్నావు, ఆ మాట నువ్వు రాసి దిద్దాలి.

ఉప్పునీళ్ళకి రాయి పోయె,
తడిగరిటెకి పేరు పోయె,
కథ కంచికి తరలిపోయె,
నిజం మనింట్లో మిగిలిపోయె.
దాన్ని ఆ ఊరికి చేర్చవే తల్లీ.