ఏ బాణం చూసినా గేటే

"మళ్ళీ గేటే వచ్చిందిరోయ్!"

ఆ కేక వీధి చివర టీకొట్టు దాకా వినిపించింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే ఇవతలకొచ్చి చూశారు. చూస్తే ఏముంది, లక్ష్మునాయుడు సైకిలు తొక్కలేక తొక్కుతూ ఎర్రమెట్ట వనం గేట్లోంచి బయటికొస్తున్నాడు. వెనక క్యారియర్ మీద ఆయన భార్య పైడితల్లమ్మ. ఒళ్ళో అరటిగెల.

గేటు దగ్గర నిలబడ్డ కూర్మారావుకి తల తిరిగిపోయింది. పొద్దున్నించీ ఇదే వరస. లోపలికి పంపినవాళ్ళు పంపినట్టే తిరిగొచ్చేస్తున్నారు!

"బాణాలు చూసుకుని వెళ్ళమన్నాను కదండీ?"

"చూశాం నాయనా! చూసే వెనక్కొచ్చాం," అన్నాడు లక్ష్మునాయుడు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"బాణం వెనక్కెందుకు చూపిస్తుందండీ? వేసింది నేను!"

"నువ్వేశావనే కదా నమ్మాం," అంది పైడితల్లమ్మ, నడుం పట్టుకుని దిగుతూ. "నమ్మి రెండుసార్లు తిరిగొచ్చాం. మూడోసారి తొక్కితే ఈయన్ని నేనే మొయ్యాలి."

అసలు సంగతేమిటంటే, ఎర్రమెట్ట వనం మధ్యలో తవిటయ్య గారి ఆశ్రమం ఉంది. వనంలోకి మోటారు బండి ఏదీ పోకూడదు. కార్లలో వచ్చేవాళ్ళయినా సరే, గేటు బయట దిగి, సైకిలెక్కి, కంకర బాట మీద కరకరమనిపించుకుంటూ వెళ్ళాల్సిందే. తవిటయ్య గారికి ఈ ఏర్పాటు మహా ఇష్టం. "కారు దిగినవాడు వస్తూనే మాట్లాడతాడు. సైకిలు దిగినవాడు ఆయాసం తీరేదాకా వింటాడు," అని నవ్వేవారు.

ఏడాదికోసారి అక్కడ అందరికీ భోజనం పెడతారు. దానికి రెండు పద్ధతులు. ఆఖరి మనిషి కూర్చునేదాకా గురువుగారు ముద్ద ముట్టరు. ఆ ఏడు ఉపదేశం ఎవరికిస్తారో, వాళ్ళ విస్తరి ఆయన పక్కన పడుతుంది.

ఈ ఏడు ఆ విస్తరి తనదేనని, ఏళ్ళ తరబడి ఆశ్రమంలోనే ఉంటున్న కూర్మారావుకి గట్టి నమ్మకం. ఎందుకుండదు చెప్పండి? ప్రతి ఏడూ దారి చీలిన చోటల్లా ఒక మనిషి నిలబడి వచ్చేవాళ్ళకి దారి చూపించేవాడు. ఈసారి కొత్త బాటలు పడ్డాయి, ఏటేటా వచ్చేవాళ్ళకి కూడా దారి తెలీదు. కూర్మారావు ముందుకొచ్చి, "మనుషులెందుకు స్వామీ? ప్రతి చీలిక దగ్గరా నేల మీద బండ ఉంది. సున్నంతో బాణాలేస్తాను. చిన్నపిల్లలైనా వచ్చేస్తారు. ఆ మనుషులు వంటలో సాయం చేసుకోవచ్చు," అన్నాడు.

"అలాగే," అన్నారు తవిటయ్య గారు.

నిన్న సున్నం బకెట్టు హ్యాండిల్‌కి తగిలించుకుని, ఆశ్రమంలో బయల్దేరి, ఒక్కో బండ దగ్గరా దిగి, గేటు దాకా వేసుకుంటూ వచ్చాడు. వేసి ఊరుకున్నాడా? బాణాల వెంబడి మళ్ళీ తొక్కి పరీక్ష కూడా చేసుకున్నాడు. ఆశ్రమంలో బయల్దేరడం, ఎక్కడా తడుముకోకుండా గేటు దగ్గర తేలడం. ఇంకేం కావాలి?

మరి ఇవాళ ఇదేమిటి? బాణాన్ని నమ్మినవాళ్ళు వెంటనే తిరిగొచ్చారు. నమ్మనివాళ్ళు చెరువు చుట్టూ చక్కర్లు కొట్టి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చారు. గేటు ముందు జనం, సైకిళ్ళు, దుమ్ము. లోపల దప్పళం చల్లారిపోతూ ఉంటుంది. పొద్దున్నించీ గురువుగారు పస్తు.

'ఇంతమందిలో ఒక్కరికి బాణం చూడ్డం రాదా?' అనుకున్నాడు. కోపం, అయోమయం కలిసి ఏడుపులా వస్తోంది.

అంతలో కంకర చప్పుడైంది. తవిటయ్య గారు! పాత సైకిలు మీద, పంచె పైకి దోపుకుని, ఒక్కరూ వస్తున్నారు. అందరూ లేచి నిలబడ్డారు.

"నీ బాణాలు చక్కగా ఉన్నాయిరా," అన్నారు దిగుతూనే. "ఎక్కడా ఆగలేదు. తిన్నగా వచ్చేశాను."

కూర్మారావుకి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా అండీ?" అన్నాడు జనం వైపు తిరిగి.

లక్ష్మునాయుడు తన సైకిలు చక్రాలకేసి చూసుకున్నాడు.

"సరే, ఇంటికి పోదాం పద," అన్నారు గురువుగారు. "నన్ను కొత్తవాణ్ణి అనుకో. నువ్వు ముందు నడువు."

కూర్మారావు హుషారుగా తొక్కాడు. మొదటి చీలిక దగ్గర కుడికి తిరిగాడు. కాస్త దూరం పోయి వెనక్కి చూస్తే గురువుగారు లేరు! ముసలాయన, తిండి లేదు, ఎక్కడ పడ్డారో! గబగబా వెనక్కొచ్చాడు. దారంతా ఖాళీ. గేటు దాకా వస్తే, ఆయన నింపాదిగా సైకిలుకి స్టాండు వేసుకుంటున్నారు.

"ఏమైంది స్వామీ?"

"ఏమీ కాలేదు. బాణం చెప్పిన చోటికే వచ్చాను."

పైడితల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మళ్ళీ బయల్దేరారు. ఈసారి కూర్మారావు చీలిక దాటి, దిగి నిలబడి చూశాడు. గురువుగారు ఆయాసపడుతూ వచ్చారు. బండ ముందు కాలు కింద పెట్టారు. బాణాన్ని శ్రద్ధగా, బడిపిల్లాడు పలక చూసినట్టు చూశారు. తర్వాత హ్యాండిల్ మొత్తం తిప్పేశారు.

"స్వామీ! ఎక్కడికి?"

"ఎటు చూపిస్తే అటు."

"అటు కాదు స్వామీ, ఇటు! నేనిక్కడ నిలబడ్డాను కదా!"

"నువ్వు అక్కడున్నావు నాయనా," అన్నారు ఆయన, చెమట తుడుచుకుంటూ. "నేను ఇక్కడున్నాను."

కూర్మారావు సైకిలు పక్కన పడేసి బండ చుట్టూ తిరిగి ఆయన దగ్గరికొచ్చాడు. వచ్చి, గేటు వైపు వీపు పెట్టి నిలబడి, తను వేసిన బాణాన్ని చూశాడు.

బాణం మొన సరిగ్గా తన బొజ్జకేసి గురిపెట్టి ఉంది.

ఆకలికి గురువుగారి మొహం వాడిపోయి ఉంది. అది చూసి కూర్మారావు కళ్ళు దించుకున్నాడు.

"అందర్నీ పిలు," అన్నారాయన. "నేను ముందుంటాను. నువ్వు అందరికన్నా వెనక రా."

సైకిళ్ళన్నీ బారు కట్టాయి. బెల్లులు మోగాయి. కంకర బాట నిండా నవ్వులు, "పక్కకి జరగండహో" అనే కేకలు. అందరి వెనకా, దుమ్ములో, కూర్మారావు. చీలిక వచ్చినప్పుడల్లా ఒక బండ, బండ మీద తెల్లటి బాణం, దాని మొన తనకేసే. లక్ష్మునాయుడు ఎత్తు ఎక్కలేక ఆగిపోతే, పైడితల్లమ్మని దింపి, అరటిగెల తన సైకిలుకి కట్టుకుని, ఆయన్ని వెనకనించి తోశాడు.

ఆశ్రమంలో విస్తళ్ళు వేసేశారు. గురువుగారి పక్కన ఒకటి ఖాళీగా ఉంది. కూర్మారావు దానికేసి చూసి చూపు తిప్పుకున్నాడు. అందరూ కూర్చునేదాకా నీళ్ళు పోశాడు, ఉప్పు వడ్డించాడు. ఆ తర్వాత కూడా నిలబడే ఉన్నాడు.

"ఏం బాణాలబాబూ, మమ్మల్ని పస్తు పెట్టి చంపుతావా? నువ్వు కూర్చుంటే గాని ఆయన తినరు!" అంది పైడితల్లమ్మ, పక్కకి జరిగి చోటిస్తూ.

చెప్పులు విడిచే గుమ్మం దగ్గర, ఆఖరి వరసలో ఆఖరి చోటు. కూర్మారావు అక్కడ కూర్చున్నాడు. బయటినించి వచ్చేవాళ్ళకి ముందుగా కనబడే చోటు అది. అన్నేళ్ళుగా ఆశ్రమంలో ఉంటున్నా, అక్కణ్ణించి ఆశ్రమం ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూడలేదు.

తవిటయ్య గారు లేచారు. తన విస్తరి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. పప్పు ఒలక్కుండా మెల్లగా వరసలన్నీ దాటుకుంటూ వచ్చి, కూర్మారావు పక్కన పెట్టి చతికిలబడ్డారు.

పైడితల్లమ్మ ఇంకాస్త పక్కకి జరిగింది.

"ఆఖరివాడు కూర్చున్నాడు," అన్నారు ఆయన, ముద్ద కలుపుతూ. "ఇంక తినండి."