దొరగారు ఎత్తిన చెయ్యి

రాజుగారిచ్చిన సొమ్ముతో ఏం కట్టాలో ఊరివాళ్లే చేతులెత్తి తేల్చుకోవాలని ఆజ్ఞ వచ్చింది. దొరకేమో తన పేర స్వాగతద్వారం కావాలి. వంతెన అడిగేవాళ్లంతా వాగు అవతల ఉన్నారు. అందుకే వాగు పొంగిన రోజు చూసి, ఇవతలి గట్టున సభ పెట్టించాడు.

"ఒక్కడూ రాలేదు. అంటే వంతెన అక్కర్లేదన్నమాట!" అన్నాడు, ఎత్తిన చేతులు లెక్క రాసుకోవడానికొచ్చిన రాజోద్యోగితో.

చేపలమ్మే నూకాలు లేచింది. "రాలేక రాలేదు దొరా. కాదంటే తమరే దాటి, వాళ్లనడిగి రండి."

అందరూ చూస్తుంటే వెనక్కి తగ్గలేక దొర నీళ్లలో దిగాడు. నాలుగడుగులకే కాలు జారి, "పట్టుకోండర్రా!" అంటూ చెయ్యెత్తాడు.

నూకాలు దూకి ఆ చెయ్యి పట్టుకుంది. దించనివ్వకుండానే ఉద్యోగిని కేకేసింది.

"రాసుకోండి బాబూ! వంతెనకి మొదటి చెయ్యి దొరగారిదే!"