రెల్లు దాచిన తెల్లపిల్ల

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. వానలు వెనకపట్టగానే దాని ఒడ్డంతా రెల్లు పూసేది. ఎటు చూసినా పాలు ఒలికినట్టు తెలుపే!

వానాకాలమంతా పొదల్లో ముడుచుకున్న జంతువులకు అప్పుడు కాళ్లు ఆగుతాయా? పగలంతా అడవి తిరిగొచ్చి, పొద్దు వాలేసరికి అడవి మధ్యనున్న చదునైన చప్టాబండ దగ్గర చేరేవి. ఎవరేం చూశారో చెప్పుకునేవి.

"మడుగులో కొత్త బాతులు దిగాయర్రా!"

"గుడ్లగూబ పిల్లలు కళ్లు తెరిచాయి!"

అందరూ నోరెళ్లబెట్టి వినేవారు. అక్కడ పెద్దమనిషి ముళ్లపంది తాత. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. పసిపిల్లల్ని చూస్తే ముచ్చట చెప్పొచ్చు, చోటు మాత్రం చెప్పకూడదు.

చిటికి అని ఒక పికిలిపిట్ట ఉండేది. దానికి ఈ కబుర్లంటే ప్రాణం. కానీ పాపం, అది ఏం చెప్పబోయినా ఇంకెవరో ముందే చెప్పేసేవారు. "పాత కబురే తల్లీ" అని అందరూ నవ్వేవారు.

ఒకరోజు వాగు మలుపు దగ్గర రెల్లులో ఏదో కదిలింది. చిటికి వంగి చూసింది. అబ్బ! చుక్కల దుప్పికి పుట్టిన పిల్ల, ఒళ్లంతా తెలుపు!

"ఏం బిడ్డ వదినా! వెన్నముద్దే!" అంది చిటికి.

"మెల్లగా అనమ్మా," అంది తల్లి దుప్పి. "దీనికింకా పరుగు రాలేదు. పచ్చగడ్డిలో పడుకోబెడితే ఎంత దూరానికైనా కనబడిపోతుంది. ఈ రెల్లుపూలే దీన్ని దాచాలి. కాళ్లు గట్టిపడేదాకా ఈ చోటు ఎవరికీ చెప్పకు తల్లీ."

"చెప్తే ఒట్టు వదినా!" అంది చిటికి. నిజంగానే అంది.

ఆ సాయంత్రం చప్టాబండ మీద వాలి, "నేను తెల్ల దుప్పిపిల్లను చూశాను!" అని చెప్పింది.

కుందేలు బావ పడీపడీ నవ్వాడు. "కోతలు కోయడానికైనా హద్దుండాలి మరదలా!"

మర్నాడు, "దాని ముక్కు గులాబిరంగు తెలుసా?" అంది. కొండముచ్చులు చెట్టు మీంచి గేలి చేశాయి.

మూడోనాడు అది నోరు తెరవకముందే కుందేలు బావ, "నిన్న ముక్కు చూశావు, ఇవాళ తోకా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. చిటికికి ఏడుపొచ్చింది. ఉక్రోషం పట్టలేకపోయింది.

"వాగు మలుపులో, ఒరిగిన మద్దిచెట్టు కింద రెల్లులో ఉంది! వెళ్లి చూసుకోండి, పొండి!"

"అయ్యో పిచ్చిపిల్లా, ఎంత పని చేశావే!" అన్నాడు ముళ్లపంది తాత. ఆయన మాట ఎవరు విన్నారు? అందరూ అప్పటికే పొద్దున్నే వెళ్లి చూద్దామని అనుకుంటున్నారు.

తెల్లారగానే కుందేలు బావ వెళ్లాడు. చెంపలేసుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత కొండముచ్చుల మంద వెళ్లింది. ఆపైన అడవిపంది మామ ఆలుబిడ్డలతో సహా వెళ్లాడు. "మా బంగారుకొండే!" అని అందరూ మురిసిపోయారు. ఒక్కరి మనసులోనూ చెడు లేదు. అయినా ఆ కాళ్ల కింద రెల్లు విరిగింది, పూలు మట్టిలో కలిశాయి. చప్టాబండ నుంచి బిడ్డ దాకా చక్కని బాట పడింది.

చిటికి గర్వంగా వచ్చి మద్దికొమ్మ మీద వాలింది.

"చోటు చెప్పేశావా అమ్మా?" అని అడిగింది దుప్పి.

"వచ్చింది మనవాళ్లే కదా వదినా!"

"మనవాళ్లే. ఈ బాట చూడు. దీని మీద మనవాళ్లే నడుస్తారా?"

చిటికి కిందికి చూసింది. బాట చప్టాబండ దాకా తిన్నగా కనిపించింది. "పోనీ ఇంకోచోట దాచేద్దాం వదినా!"

"ఎక్కడ దాచను? రెల్లు ఇక్కడే పూసింది," అంది దుప్పి. మిగిలిన నాలుగు దుబ్బుల మధ్య బిడ్డను పడుకోబెట్టింది. "కదలకు నాన్నా, ఇప్పుడే వస్తా" అని చెప్పి నీళ్లకు దిగింది.

అంతలో ఆ బాట వెంట దుమ్ములగొండి వచ్చింది. వెతకలేదు, వాసన పట్టలేదు. తిన్నగా నడిచొచ్చింది.

చిటికి గొంతు చించుకుని అరిచింది. "లే! పరిగెత్తు! లేవమ్మా!" పిల్ల లేవలేదు. అమ్మ చెప్పినట్టే కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. దాచడానికి రెల్లే లేదు.

దుప్పి పరుగున వచ్చేసరికి అక్కడ ఏమీ మిగల్లేదు. పొద్దు కుంకేదాకా ఆ విరిగిన రెల్లులో తిరుగుతూ బిడ్డను పిలిచింది. పాలు పొదుగులోనే ఉండిపోయాయి. చిటికి దగ్గరికొచ్చి, "తిట్టు వదినా, నన్ను తిట్టు" అని ఏడ్చింది. దుప్పి తిట్టలేదు. తలెత్తి కూడా చూడలేదు.

మళ్లీ వానలు వెలిశాయి. మళ్లీ రెల్లు పూసింది. ఒకరోజు వాగు మీదుగా ఎగురుతూ చిటికి మళ్లీ అదే దుప్పిని చూసింది. పక్కన కొత్తగా పుట్టిన చుక్కలపిల్ల! చిటికి నీడ పడగానే దుప్పి బిడ్డకు అడ్డం నిలబడింది. చిటికి వాలలేదు. పలకరించలేదు. దారి మళ్లించుకుని ఎగిరిపోయింది.

సాయంత్రం చప్టాబండ దగ్గర ముళ్లపంది తాత అడిగాడు. "ఇవాళ ఏం చూశావు చిటికీ?"

"రెల్లు పూసింది తాతా," అంది చిటికి. "అంతే చూశాను."

నీతి: ప్రేమతో చూసినా సరే, ఒకరి ప్రాణం దాగిన చోటును మన గొప్ప కోసం బయటపెట్టకూడదు.