ముందే భోంచేసిన చెవులు

మణిగిరి అనే ఒకానొక రాజ్యాన్ని ధరణీవరాహుడు ఏలుతుండేవాడు. మంచివాడే గాని, తాను ఎవరి పక్షమూ వహించకుండా ఉన్నదున్నట్టు చూస్తానని ఆయనకు మహా నమ్మకం. ఆ మాట రోజుకొకసారైనా నిండుసభలో చెప్పుకునేవాడు. ఆస్థాన విదూషకుడు తిప్పన తల వంచుకుని వింటుండేవాడు.

ఆ రోజుల్లో కోట వంటశాలలోకి పేరమ్మ అనే కొత్త వంటమనిషి వచ్చింది. భర్త పోయాక, ముసలి అత్తగారిని వెంటబెట్టుకుని బతుకుదెరువు కోసం పొరుగు రాజ్యం నుంచి వచ్చిన మనిషి. ఆ పొరుగు రాజు చేతిలో ధరణీవరాహుడు ఒకసారి ఓడిపోయాడు. ఆమెది ఏ ఊరో తెలిసిన రోజు మొదలు రాజుగారికి ఆమె వంటలో అన్నీ వంకలే. ఒకనాడు ఉప్పు తక్కువన్నాడు, మర్నాడు ఎక్కువన్నాడు, చివరికి పనిలోంచి తీసేయమన్నాడు.

పేరమ్మ వచ్చి తిప్పన దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె చేతి వంట రుచి తిప్పనకు బాగా తెలుసు. పెద్ద వంటవాడు నృసింహభట్టుకూ తెలుసు. తిప్పన ఆయనను పక్కకు పిలిచి ఒక సాయం అడిగితే, భట్టు నవ్వి సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారి ముందు రెండు గిన్నెల గుమ్మడికాయ దప్పళం పెట్టారు. వెండి గిన్నె భట్టు తెచ్చినదనీ, ఇత్తడి గిన్నె పేరమ్మ తెచ్చినదనీ తిప్పన బిగ్గరగా చెప్పాడు. ఆఖరిసారిగా రుచి చూసి తీర్పు చెప్పమని తిప్పన వేడుకున్నాడు.

రాజు వెండి గిన్నెలోది రెండుసార్లు వడ్డించుకుని లొట్టలు వేశాడు. ఇత్తడి గిన్నెలోది ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించాడు.

"పులుపు లేదు, పోపు మాడింది. భట్టు దప్పళానికీ దీనికీ పోలికేమిటి?" అన్నాడు.

"రెండూ ఒకే కుండలోవి ప్రభూ. వండింది పేరమ్మ," అన్నాడు తిప్పన.

రాజు భట్టు వైపు చూశాడు. భట్టు అవునన్నట్టు తల ఊపాడు.

"అయితే నా నాలుక పనికిరానిదంటావా?" రాజు గొంతు పెరిగింది.

 తిప్పన చేతులు కట్టుకుని, "మీ నాలుకకేం ప్రభూ, దివ్యంగా ఉంది. పాపం, దాని వంతు రాకముందే చెవులు భోంచేసేశాయి," అన్నాడు.

 రాజు ఇత్తడి గిన్నె దగ్గరకు లాక్కుని, కళ్లు మూసుకుని, అడుగుదాకా ఊడ్చి తిన్నాడు. పేరమ్మను పనిలో ఉండమన్నాడు. రేపటి నుంచి సభలో ఏ అర్జీ అయినా ముందు విషయం చదివి, తీర్పు చెప్పాకే పేరు చదవాలని ఆజ్ఞ కూడా ఇచ్చాడు.

మర్నాడు మొదటి అర్జీ వచ్చింది. మేనకోడలి పెళ్లికి నెల రోజులు సెలవు కావాలని ఎవరో కొలువు ఉద్యోగి కోరాడు.

"పెళ్లికి నెల ఎందుకు? ఐదు రోజులు చాలు," అన్నాడు రాజు.

లేఖకుడు పేరు చదివాడు. తిప్పన.

తిప్పన నిట్టూర్చి, "పేరు ముందే చదివుంటే నెలంతా దొరికేది ప్రభూ," అన్నాడు.

రాజు సింహాసనం కదిలిపోయేలా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు. సెలవు మాత్రం ఐదు రోజులే.