రాజుగారి చెవికి ఛార్జింగు

రాజుగారికి చెవుడు. పరదేశపు వర్తకులు ఆయనకొక చెవిమిషను తెచ్చి ఇచ్చారు. పెట్టెలో మిషనుతోపాటు ఒక బుల్లి ఛార్జరూ, జానెడు కేబులూ ఉన్నాయి. దీనికి ఇదే సరిపోతుంది, మరోటి తగిలించకండి అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్లారు.

వాళ్లు అటు పడవెక్కారో లేదో, ఇటు దర్బారుకు తల కొట్టేసినట్టయింది. రాజుగారి చెవికి జానెడు కేబులేమిటి? పైగా ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. రాజు దగ్గరికి ఏదీ నేరుగా పోకూడదు. మంచినీళ్లయినా నలుగురి చేతులు మారి, గోరువెచ్చనయ్యాకే ఆయన నోటికి అందేవి. అదొక మర్యాద, ఏం చేస్తాం.

మహామంత్రి బంగారు జరీతో అల్లిన కేబులు చేయించాడు. ఏనుగు తొండమంత ఉంది. దాని మూతి మిషనులో పట్టలేదు. "పట్టకపోతే మధ్యలో ఒక అడాప్టరు పెట్టండి" అన్నాడు. పెట్టారు. మంత్రిగారిది ఉండి తనది లేకపోతే ఎలాగని సేనాపతికి కడుపు మండింది. రథాల దీపాలకు వాడే లావుపాటి అడాప్టరొకటి తెచ్చి తగిలించాడు. పురోహితుడు పసుపూ కుంకుమా పూసి ఒకటి ఇచ్చాడు. కోశాధికారి సంతలో చవగ్గా కొన్నది ఒకటి ఇరికించాడు.

ఒక్కోదానికీ ఒక్కో బుల్లి దీపం. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ, ఒకటి నీలం. "ఛార్జింగు ఎంత బాగా ఎక్కుతోందో చూశారా" అని సభంతా మురిసిపోయింది. అడాప్టర్లు వేడెక్కాయి. కోశాధికారిది కాస్త మాడు వాసన కూడా వేసింది. మిషనులోకి మాత్రం చుక్క కరెంటు దిగలేదు. గోడలోంచి వచ్చింది వచ్చినట్టు మధ్యలోవాళ్లే తాగేశారు.

రాజుగారికి వినబడలేదని ఎవరూ బాధపడలేదు. ఎవరేమన్నా ఆయన తల ఊపేవాడు. అలా ఊపినదల్లా ఆజ్ఞ అయిపోయేది. హాయిగా ఉంది.

ఆ మిషనును చూసుకోవడానికి ఒక ఉద్యోగి ఉన్నాడు. చెవి అధికారి అనేవారు. లోపమెక్కడుందో అతనికి మొదటిరోజే తెలుసు. వర్తకులిచ్చిన కేబులు అతని పెట్టెలోనే భద్రంగా ఉంది. కానీ ఆ మాటంటే నలుగురు పెద్దల అడాప్టర్లు పీకమన్నట్టే. ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకుని గోడ పక్కన నిలబడేవాడు.

రోజులు అలాగే వెళ్లిపోయేవి. అంతలో అతని తమ్ముడికి సంకెళ్లు పడ్డాయి. తమ్ముడు పడవ నడుపుతాడు. మహామంత్రి బావమరిది కట్టించిన కొత్త వంతెన స్తంభాల్లో సున్నానికి బదులు ఊక కూరారని రేవులో నలుగురితో అన్నాడు. దానికి దేశబహిష్కారం వేశారు. పొద్దుగూకేలోగా రాజు స్వయంగా విని వద్దంటే సరే, లేదంటే జన్మలో మళ్లీ ఊరి మొహం చూసేది లేదు.

"ఆయనకు వినబడేట్టు చెయ్యన్నా, చాలు. మిగతాది నేను చెప్పుకుంటాను" అన్నాడు తమ్ముడు కటకటాల వెనకనుంచి. తల్లి పోయాక అన్నే ఎత్తుకుని పెంచినవాడాయె.

అన్న తిన్నగా దర్బారుకు వెళ్లాడు. నిండుసభలో అడాప్టర్లన్నిటినీ పీకి కింద పడేశాడు. జానెడు కేబులు తీసి, ఒక కొస ఛార్జరుకూ ఒక కొస మిషనుకూ పెట్టాడు. సభ ముక్కున వేలేసుకుంది. మిషను బతికింది. దాన్ని తీసుకెళ్లి రాజుగారి చెవిలో పెట్టాడు.

రాజుగారు ఉలిక్కిపడ్డాడు. కోట బయట జనం ఏడుపులు, కోశాధికారి గుసగుసలు, వెనక వరుసలో ఎవరో తన మీద చేసిన వెటకారం, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి.

"ఇన్నాళ్లూ ఇవన్నీ ఉన్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి ప్రభూ" అన్నాడు చెవి అధికారి.

"నేరుగా తగిలిస్తే ఇంతే మహాప్రభూ. మధ్యలో ఏదో ఒకటి ఉండాలని మేం మొత్తుకున్నది ఇందుకే" అన్నాడు మహామంత్రి.

"అసలు వినకపోతే రాజుననిపించుకోను. ఇలా వింటే నాకు నిద్ర పట్టదు" అని రాజుగారు చెవి అధికారి వైపు తిరిగాడు. "నువ్వు పనిమంతుడివి. ఇకమీదట ఎవరేం చెప్పుకున్నా నీతో చెప్పుకుంటారు. నాకు ఎంత సరిపడుతుందో చూసుకుని, అంతే నాకు చెప్పు."

మిషను చుట్టూ దూది కుక్కారు. పక్కన కూచుని గట్టిగా చెబితేనే ఇక వినబడుతుంది. ఆ చెప్పేవాడి కోసం సింహాసనం పక్కన మెత్తటి కుర్చీ వేశారు, భుజాన పట్టుశాలువా కప్పారు. ఇన్నేళ్లూ నిలబడి నిలబడి వాచిపోయిన కాళ్లు అతనివి. కూచోగానే ప్రాణం లేచొచ్చింది.

తమ్ముణ్ణి ప్రవేశపెట్టారు. అన్నను ఆ కుర్చీలో చూడగానే వాడి మొహం వెలిగిపోయింది. స్తంభాల సంగతి, ఊక సంగతి, వంతెన మీద నుంచి బడికి పోయే పిల్లల సంగతి ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు రాజు.

చెవి అధికారి తమ్ముడి వైపు చూశాడు. మహామంత్రి వైపు చూశాడు. ఆయన ఎంతో ఆప్యాయంగా నవ్వుతున్నాడు. అన్న శాలువా సర్దుకుని, రాజుగారి చెవి దగ్గరికి వంగాడు.

"వంతెన దివ్యంగా ఉందంటున్నాడు ప్రభూ. తెలియక వాగాను, తమరు వేసిన శిక్షకు సంతోషంగా వెళతాను అంటున్నాడు."

"మంచివాడిలా ఉన్నాడు. పంపించండి" అన్నాడు రాజు.

తమ్ముడికి చెవుడు లేదు. అన్న చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా విన్నాడు.