ఒత్తిగిల్లమ్మ గడపను ఎందుకు తొక్కాలి

కొలిమిపాడు వాగు ఒడ్డున వెలసిన ఒత్తిగిల్లమ్మను చూసి కొత్తగా వచ్చిన భక్తులు నివ్వెరపోతారు. అమ్మవారు నిలబడి గానీ, కూర్చుని గానీ ఉండదు. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంటుంది. గడప మరో వింత. ఏ గుడిలోనైనా గడపను దాటి వెళ్తాం. ఇక్కడి ఇనుప గడపను మాత్రం తొక్కి మరీ వెళ్ళాలి.

పూర్వం ఇక్కడ కొమ్మోజు శరభయ్య అనే కమ్మరి ఉండేవాడు. మూర్ఛ వచ్చినవాళ్ళ నొసట వాత పెట్టే కడ్డీలు అతని కొలిమిలోనే తయారయ్యేవి. కాలిస్తే సోకిన దెయ్యపు గాలి వదులుతుందని ఊరు నమ్మింది. అతనూ నమ్మాడు.

ఒక మధ్యాహ్నం అతని తొమ్మిదేళ్ళ కూతురు సిద్ధమ్మ కొలిమి ముందే పడి గిలగిలా కొట్టుకుంది. జనం మూగారు. వెల్లకిలా అదిమిపట్టారు, చేతిలో తాళాలగుత్తి కుక్కారు, నోట్లో నీళ్ళు పోశారు. ఉక్కిరిబిక్కిరై పిల్ల పెదవులు నల్లబడ్డాయి. శరభయ్య మాత్రం కడ్డీ ముట్టలేదు.

“ఏం శరభయ్యా, ఊరందరి నొసళ్ళూ కాల్పించావు, నీ పిల్ల నొసలు బంగారమా?” అంది పక్కింటి మంగాయి. ఆమె కొడుకు నొసట అతని కడ్డీ వాత ఉంది.

అతను కడ్డీని ఎర్రగా కాల్చి తెచ్చాడు. ఆ సెగకు, పట్టుకున్నవాళ్ళు చేతులు వదిలి వెనక్కి జరిగారు. అంతే, పిల్ల పక్కకు ఒత్తిగిలింది. నోట్లోని నీళ్ళు, నురగ కారిపోయాయి. ఊపిరి ఆడింది. కాసేపటికి కళ్ళు తెరిచి, తన మీదకు వంగిన ఎర్రటి కడ్డీనీ దాన్ని పట్టుకున్న మనిషినీ చూసింది.

“నాన్నా, నేనేం తప్పు చేశాను?”

కడ్డీ జారిపోయింది. ఇన్నేళ్ళూ ఎందరు పిల్లలు ఇదే అడిగి ఉంటారో!

ఆ సాయంత్రం ఏడ్చి ఏడ్చి శరభయ్యకు కన్ను మూతపడితే, ఒక తల్లి ఒత్తిగిలి పడుకుని కలలో కనిపించింది. నొసటి నిండా వాతలే. “ఇవన్నీ నీ కడ్డీలు పెట్టినవే నాయనా. నన్ను ఇలాగే పడుకోబెట్టి గుడి కట్టు. ఆ ఇనుమును నా పిల్లల కాళ్ళ కింద వెయ్యి” అంది.

మర్నాడు అతను ఇల్లిల్లూ తిరిగి కడ్డీలన్నీ తెచ్చాడు. అమ్మకు గుడి కట్టి, వాటిని గడపగా సాగగొట్టాడు. మొదట తొక్కింది మంగాయి కొడుకు.

భక్తులారా! మూర్ఛ శాపం కాదు, గాలి కాదు, అంటురోగం కాదు. మెదడుకు వచ్చే జబ్బు. ప్రశ్నించని భక్తి సంకెల! ఇక్కడ ఎవరైనా పడిపోతే పక్కకు ఒత్తిగిలజేసి, ఊపిరి చూస్తూ పక్కనే కూర్చుంటారు, డాక్టరుకు కబురు పంపుతారు. శరభయ్య వంశపు పూజారి “బిళ్ళ వేసుకున్నావా?” అని అడిగిగానీ తీర్థం ఇవ్వడు. మందు మానని వారికి అమ్మ తోడుంటుంది.

ఫిట్స్ ఉన్న బిడ్డ గడప మీద కాలు పెట్టగానే, వరుసలో ఉన్నవాళ్ళందరూ సిద్ధమ్మకు ఆనాడు దొరకని జవాబు గొంతెత్తి చెప్పాలి:

“నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు తల్లీ!”