ఊరి నోరు మూయించే మందు

నేను చెప్పబోయేది అబద్ధమని అనుమానమున్నవాళ్లు ఇప్పుడే లేచి నిలబడండి. కథ మధ్యలో దగ్గడాలూ, పక్కవాణ్ణి గిల్లడాలూ కుదరవు. ఎవరూ లేవలేదుగా? అయితే వినండి.

మబ్బులు కూడా సుంకం కట్టి దాటవలసినంత ఎత్తు కోటగోడలున్న రాజ్యం ఒకటుండేది. దానికి రాజు ప్రచండ భూపాలుడు. ఒకసారి ఆయనకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఎక్కిలి వచ్చినప్పుడల్లా బురుజు మీది పావురాలు జలజలా రాలిపడేవి. ఆస్థాన వైద్యుడు త్ర్యంబక భట్టు శ్లోకం మీద శ్లోకం చదివాడు. ఎక్కిలి ఎక్కిలే, శ్లోకం శ్లోకమే. ఆఖరికి అంగడివీధిలో మూలికలమ్ముకునే పిప్పళ్ల లింగప్ప వచ్చి, నెమలి ఈక కాల్చిన మసిని తేనెలో రంగరించి నాకించాడు. ఠక్కున ఆగింది!

ఏం కావాలో కోరుకోమనలేదు రాజు. ఒకరిని కోరుకోనిచ్చే రకం కాదాయన. "నిన్ను మంత్రిని చేశాను, ఫో!" అన్నాడు.

ఆ కబురు విని లింగప్ప భార్య సిద్ధమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏమండీ, కరక్కాయలూ శొంఠికొమ్ములూ అమ్ముకునే మనకెందుకండీ ఈ రాజకీయం? అంగట్లో తప్పు చేస్తే గిరాకీ పోతుంది. కొలువులో తప్పు చేస్తే తల పోతుంది!"

ఆవిడ భయపడిన రోజు రానే వచ్చింది.

రాజుకు జయస్తంభం కట్టించుకోవాలని బుద్ధి పుట్టింది. ఏ యుద్ధంలో గెలిచాడని నన్నడక్కండి, అప్పుడే ఎవరూ అడగలేదు. దాని నీడ పక్క రాజ్యంలో పడాలని ఆజ్ఞ. సరిగ్గా తొలకరి పడిన వేళ! మడకలు పట్టి దున్నవలసిన మగవాళ్లంతా రాళ్లు మోస్తున్నారు. పొలాల్లో పదును ఆరిపోతోంది. ఊరు గొణగడం మొదలుపెట్టింది. ఆ గొణుగుడు కోటలో వేడిపాల మీది మీగడను కూడా వణికించిందంటే చూసుకోండి.

"ఇది రోగం," అన్నాడు రాజు. "దీనికి మందేది?"

ఎక్కిళ్లనాటి అవమానం భట్టు కడుపులో ఇంకా ఉడుకుతోంది. "ఉంది ప్రభూ! నల్ల ఉమ్మెత్త గింజల కషాయం. ఊరి మంచినీళ్ల బావిలో కలిపిస్తే నోళ్లు వాటంతటవే మూతపడతాయి. పసిబిడ్డకైనా అపాయం లేదు. కాచిపెట్టడానికి మన మందుల మంత్రిగారు ఉండనే ఉన్నారు."

"రేపు సభకు కషాయం కాగు రావాలి, లింగప్పా. కాగు రాకపోతే నీ తల వస్తుంది," అన్నాడు రాజు.

లింగప్ప ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు. ఉమ్మెత్త తిన్న ఆంబోతు గోడకు తల బాదుకుని చావడం అతను కళ్లారా చూశాడు.

"మనం పారిపోదామండీ," అంది సిద్ధమ్మ.

"పారిపోతే భట్టు కాస్తాడు. ఊరంతా తాగేది ఆ బావి నీళ్లే."

నేలవేము కట్ట విప్పాడు. నేలవేమంటే ఏమనుకున్నారు! హాని చెయ్యదు గానీ, దాని మీదుగా నడిచిన చీమ ఆ జన్మకు బెల్లం రుచి ఎరగదు.

"ఉమ్మెత్తకు బదులు ఇదా? భట్టు వాసన పడితే?"

"పట్టకముందే ఏదో ఒకటి చెయ్యాలి."

"ఏం చేస్తారు?"

"అదే తెలియడం లేదే," అన్నాడు లింగప్ప.

మర్నాడు నిండు సభలో కాగు దిగింది. బావికి మోసుకుపోవడానికి భటులు కావళ్లతో నిలబడ్డారు. వందిమాగధులు రోజూలాగే గొంతెత్తారు: "ప్రజలు పాలు తాగే చంటిబిడ్డలు! ప్రభువే కన్నతల్లి!" రాజు మీసం దువ్వుకుని తలాడించాడు.

భట్టు లేచి, ముక్కు ఎగబీలుస్తూ కాగు వైపు నడిచాడు. లింగప్ప గబుక్కున అడ్డం వెళ్లాడు.

"భట్టుగారూ, ఒక్క సందేహం. పాలు తాగే బిడ్డకు దగ్గొస్తే కషాయం ఎవరికి పోస్తారు?"

"తల్లికి! పథ్యం కూడా తల్లికే! ఆమాత్రం తెలియకుండానే మందులమ్మావుటోయ్?"

సభ గొల్లుమంది. లింగప్ప అప్పటికే గిన్నె ముంచాడు. రాజు ముందు మోకరిల్లాడు.

"మహాప్రభూ! ప్రజలు చంటిబిడ్డలు, తమరు కన్నతల్లి. మందు తమరే పుచ్చుకోవాలి."

సభ చూస్తోంది. కాదంటే పొగడ్త పోతుంది. "తేవయ్యా! ప్రచండుడు కషాయానికి జంకుతాడా?" అని రాజు గిన్నె అందుకుని పెదవుల దాకా తెచ్చాడు.

"వద్దు ప్రభూ!" భట్టు కేకకు దీపాలు ఆరాయి. "తాగితే మతి పోతుంది! ప్రాణానికే ముప్పు!"

గిన్నె ఆగింది. "పసిబిడ్డకైనా అపాయం లేదన్నావే?"

రాజు కాగును చూశాడు, కావళ్లు చూశాడు. "నేను తాగకూడనిది... నా ఊరు తాగవలసిందా?"

లింగప్ప ఆ చేతిలోని గిన్నె తీసుకుని గటగటా తాగేశాడు! అతని ముఖం ముడుచుకుని కరక్కాయంత అయింది.

"ఉమ్మెత్త కాదు ప్రభూ, నేలవేము. ఆజ్ఞ తప్పాను. తల తీయించేటట్టయితే తొందరగా కానివ్వండి, ఈ చేదు భరించలేకుండా ఉన్నాను!"

రాజు కన్నార్పకుండా చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వీ నవ్వీ సింహాసనం మీంచి జారి, కిందే కూర్చుని నవ్వాడు.

"సరేనయ్యా, మందు నువ్వు తాగావు. తల్లి పథ్యం మాటేమిటి?"

"స్తంభం మానాలి ప్రభూ. పంట ఇళ్లకు చేరేదాకా కఠిన పథ్యం."

ఆ మధ్యాహ్నమే మగవాళ్లు రాళ్లు దించి మడకలు ఎత్తారు. పదును ఇంకా ఉంది. రాజు తన కంఠహారం తీసి లింగప్ప మెడలో వేశాడు. భట్టుకు కూడా ఉద్యోగం దొరికింది, లింగప్ప అంగట్లో మందులు నూరడం.

ఇప్పుడైనా అనుమానముంటే మా పక్కవీధి మావటి కుంచాల బసవన్నను అడగండి. ఆ రాజుగారి నవ్వుకు బెదిరి పారిపోయిన ఏనుగును వాళ్ల వంశం ఇంకా వెతుకుతూనే ఉంది.